రాక కాదు, కానరాక

కళ్ళు మూసుకుని కూర్చోండి మామ్మగారూ, నేను పిలిచేదాకా తెరవకండి అని చెప్పి, కుడికంట్లో చుక్కల మందు వేసి, చెంప మీదికి జారిన తడిని దూదితో ఒత్తి వెళ్ళిపోయింది ఆ అమ్మాయి. మందు కంట్లో వేస్తే చేదు గొంతులోకి దిగుతుంది, కంటికీ గొంతుకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఈ ఆసుపత్రికి తిరగడం మొదలయ్యాకే తెలిసింది నాకు. నుదుటి మీద, కుడి కనుబొమకి పైన, పసుపుపచ్చ బిళ్ళ ఒకటి అంటించారు, సూది వేసేటప్పుడు ఏ కన్నో పొరపడకుండా. పొరపడటానికి నాకు ఇంకో కన్నేదీ? ఎడమది పెళ్ళయిన కొత్తలోనే పోయింది, సముద్రపు నాచు ఆరబెట్టే తడక విరిగి వెదురు పుల్ల గుచ్చుకుని. వెలుగో చీకటో తప్ప దానికింకేమీ తెలియదు. ఉన్న ఒక్క కంటితోనే పిల్లల్ని కన్నాను, నాచు కోశాను, మొగుణ్ణి సాగనంపాను, ఒక్క కంటితోనే ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ కంటి మీద బిళ్ళ అంటించుకుని, ఈ సున్‌చన్ ఊరి ఆసుపత్రిలో, వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో నాలాంటి ముసలివాళ్ళ మధ్య కళ్ళు మూసుకుని కూర్చున్నాను, కూర్చున్నానే గానీ నాలో నేను మరిగిపోతున్నాను. విమానం. సీతాకోకచిలుక. గొడుగు. చేప. డెబ్బై తొమ్మిదేళ్ళ దాన్ని, యాంగ్ జొమ్‌న్యే అని నా పేరు నేను రాసుకోగలిగినదాన్ని, చేప చేప అని చెప్పి వచ్చాను.

ఎలా చెప్పాను, నా నోటికి ఏమైంది. పరీక్ష గదిలో ఎప్పటిలాగే నేల మీద గీత దగ్గర కూర్చోబెట్టి, ఎడమకంటికి గరిటెలాంటిది అడ్డం పెట్టించి, ఎదురుగా గోడ మీద వెలుగుతున్న పలకలో అక్షరం చూపించి ఇదేంటి అని అడిగింది ఆ అమ్మాయి. పోయిన నెల వరకూ ఒక కుర్రవాడుండేవాడు, ఇవాళ ఈమె కొత్త. మొదటి అక్షరం పెద్దది, చెప్పాను. రెండోది చూశాను, పైన గీత ఉంది, కింద పొగ ఉంది. మసగ్గా ఉందమ్మా, కనబడటం లేదు, అన్నాను. ఉన్నమాటే అన్నాను. అనగానే ఆ అమ్మాయి గొంతు తగ్గిపోయింది. నా వెనక వరసలో నిలబడ్డవాళ్ళకి వినపడకూడదని, నా చెవి దగ్గరికి వంగి, పర్లేదు మామ్మగారూ, ఇటుపక్క చూడండి, ఇవి బొమ్మలు, ఇదేంటో చెప్పండి, అంది. ఎంత మెత్తగా అందో. ఆ మెత్తదనం నాకు తెలుసు, బతుకంతా తిన్నాను దాన్ని. ఆ గొంతు వినబడగానే నా నోరు నా మాట వినలేదు, పాత దారిలో పడి పోయింది. అటూ ఇటూ రెక్కల్లా ఉంటే విమానం, రెండు బుడగలు కలిసినట్టుంటే సీతాకోకచిలుక, కింద వంకీ ఉంటే గొడుగు, తోక ఉంటే చేప. పొగలో కనబడని బొమ్మని కూడా పట్టేశాను. బాగా చెప్పారు మామ్మగారూ, పోయిన నెలకంటే చాలా కిందికి వెళ్ళారు, అని చప్పట్లు కొట్టినంత పని చేసింది. రాసేసుకుంది. ఆ వెంటనే మందు వేసేసింది. మందు చేదు గొంతులోకి దిగాక గానీ నాకు బుద్ధి రాలేదు, అయ్యో ఈ పిల్ల నన్ను చదువురానిదాన్ననుకుంది కదా అని.

అనుకుంటుంది మరి, ఆమె తప్పేముంది. మా వైపు ముసలావిడ ఎవరైనా కళ్ళు మసక, కాస్త నువ్వే చదివి పెట్టమ్మా అంటే దాని అర్థం అందరికీ తెలుసు. కళ్ళకేమీ కాలేదు, అక్షరాలు రావు అని. మా తరం ఆడవాళ్ళంతా అదే మాటని ఓణీలా కప్పుకుని తిరిగాం. పోస్టాఫీసులో కళ్ళు మసక, బస్టాండులో కళ్ళు మసక, పిల్లల బడిలో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, నాకు కళ్ళజోడే లేదు అప్పుడు. రెండు కళ్ళ చూపూ ఒక్కదాంట్లోనే పోశాడు దేవుడు, పడవ తీరానికి ఇంకా ఆమడ దూరంలో ఉండగానే అందులో ఎవరున్నారో చెప్పేదాన్ని, ఆ కంటిని అడ్డం పెట్టుకుని మసక మసక అన్నాను. ఇప్పుడు నిజంగా మసకైతే ఎవరూ నమ్మడం లేదు. మా భాషలో చదువు రానివాళ్ళని కమక్‌నున్ అంటారు, నల్లకన్ను అని, చీకటికన్ను అని. అది తిట్టని ఎవరూ అనుకోరు, వంకాయని వంకాయ అన్నంత మామూలుగా అంటారు. మా ఆయన పేపరు చదువుతూ, నీకేం తెలుసే చీకటికన్నా అనేవాడు, ముద్దుగానే అనేవాడు, ఆ ముద్దుకి ఒళ్ళు మండేది నాకు. కన్ను బాగున్నన్నాళ్ళూ చీకటికన్ను అనిపించుకున్నాను. చీకటి వదిలాక కన్నే పోతానంటోంది. పోనిస్తానా.

టీవీలో ఎవరో కుర్రాడు పాత పాటలు ఏడుపుగొంతుతో పాడుతున్నాడు, జడ్జీల్లో ఒకామె నిజంగానే ఏడుస్తున్నట్టుంది. నా పక్కన కోడలు మిరన్, ఫోనులో టిక్కుటిక్కుమని ఏదో కొడుతోంది, ఆమె రాసుకునే హ్యాండ్‌క్రీము వాసన వస్తోంది. అత్తయ్యా, ఇవాళ చాలా బాగా చెప్పారటగా, మీ అబ్బాయికి మెసేజ్ కూడా పెట్టేశాను, ఇక సూది అక్కర్లేదేమో అని, అంది. సంతోషంగా అంది. నెలనెలా సెలవు పెట్టి, మా ఊరు వచ్చి, నన్ను కారెక్కించుకుని ఇంత దూరం తెస్తోంది, దాని సంతోషం దానికి ఉండదా. పోయినసారి డాక్టరుగారు చెప్పింది ఇద్దరం విన్నాం. కంటి లోపలి ఫోటోలో వాపు ఉండీ లేనట్టుగా ఉంది, ఫోటో ఒక్కటే చూసి తేల్చలేను, వచ్చే నెల ఎన్ని వరసలు చదువుతారో చూసి సూది ఆపాలో కొనసాగించాలో చూద్దాం అన్నాడు. వాపు ఉండగా ఆపితే, అని నేనడిగాను. చూపు నడిమధ్యలో మచ్చ నిలిచిపోవచ్చు, అప్పుడిక సూది వేసినా రాదు, అన్నాడు. అంటే ఇప్పుడు నా కన్ను ఒక చేప మీదా ఒక గొడుగు మీదా వేలాడుతోంది.

గొడుగు. ఊహించడంలో నన్ను మించినది లేదు, అదే కదా వచ్చిన చిక్కు. అక్షరం రానివాడు మొద్దు అనుకుంటారు గానీ వాడు పొద్దస్తమానం పరీక్ష రాస్తూనే ఉంటాడు. బస్సు రంగు చూసి, డ్రైవరు మొహం చూసి, ఎక్కుతున్నవాళ్ళ బుట్టల్లో ఏముందో చూసి ఆ బస్సు సంతకి పోయేదో కాదో తేల్చేదాన్ని. పురుగుల మందు సీసాకి ఎర్ర గుడ్డ, వెనిగరు సీసాకి తెల్ల దారం. ఓటు వేసేటప్పుడు పై నుంచి ఎన్నోవాడో ముందే వేళ్ళ మీద లెక్క పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఫోనులో కొడుకు పేరు బదులు పడవ బొమ్మ, కోడలికి పువ్వు. హోటల్లో అందరూ గోడ మీద వంటకాల పలక చూసి ఏం కావాలో చెప్తుంటే నా వంతు రాగానే నాకూ అదే అనేదాన్ని. నాకూ అదే, నాకూ అదే. నాకూ అదే అంటూ ఎన్ని తిన్నానో, వాటిలో నాకు ఇష్టమైనవి ఏవో ఇప్పటికీ నాకు తెలియదు. మా ఆయన పోయాక, ఊరి సావడిలో ముసలాళ్ళకి అక్షరాలు నేర్పే బడి పెట్టాక, మొదటిసారి టీచరమ్మ మమ్మల్ని టౌనుకి భోజనానికి తీసుకెళ్ళినప్పుడు గోడ మీద పలక నేనే చదివాను, వేలు పెట్టి కూడబలుక్కుని, వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నా సరే. అందరూ మాంసం పులుసు చెప్పారు. నేను చల్లటి సోయాపాల నూడుల్స్ చెప్పాను, ఎవరూ చెప్పనిది. వచ్చింది. చప్పగా ఉంది, సుద్ద కలిపినట్టుంది, నాకస్సలు నచ్చలేదు. గిన్నె ఎత్తి చివరి చుక్క వరకూ తాగాను.

ఆ బడి. నేల కింద వేడి పెట్టిన సావడి గది, పొట్టి బల్లలు, మోకాళ్ళ నొప్పులకి రాసుకున్న మందుపట్టీల ఘాటు. నా పక్కన బొసొంగమ్మ, పుట్టిల్లు బొసొంగ్ కాబట్టి ఆ పేరే, అసలు పేరు బడిలో చేరాక తనే రాసి చూపిస్తే గానీ ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా అక్షరాలు చూడటానికి చిన్న చిన్న ఇళ్ళలా ఉంటాయి, పైన ఒక హల్లు, పక్కనో కిందో అచ్చు, అన్నిటికంటే అడుగున ఒక ఒత్తు. కుర్రాళ్ళకి ఏమీ కాదు గానీ మాలాంటివాళ్ళకి ఆ అడుగు ఒత్తే యమగండం. పలికితే సరిగ్గా వినబడదు, రాస్తే ఏది పెట్టాలో తెలియదు. బిత్ అంటే వెలుగు. బిత్ అంటే దువ్వెన. బిత్ అంటే అప్పు. మూడూ నోటికి ఒకటే, తేడా అంతా కింద ఒత్తులోనే. టీచరమ్మ చెప్పి రాయించినప్పుడు, పొద్దున్నే కిటికీలోంచి వెలుగు వచ్చింది అనే వాక్యాన్ని బొసొంగమ్మ కిటికీలోంచి అప్పు వచ్చింది అని రాసింది. తప్పేముంది, మా ఇంటికి అలాగే వచ్చేది, తలుపేస్తే కిటికీలోంచి అడిగేవాళ్ళు, అంది. గది గదంతా పొర్లి పొర్లి నవ్వాం. ఆ నవ్వులో దగ్గు కూడా కలిసి ఉందని అప్పుడు ఎవరం గమనించలేదు.

కరోనా మా ఊరికి అందరికంటే ఆలస్యంగా వచ్చింది, వచ్చాక మాత్రం ఎవరినీ వదల్లేదు. అంతకు ముందు రెండేళ్ళు బడి మూసి, తెరిచి, మూసి, తెరిచి చివరికి అందరం టీకాలు వేయించుకున్నాం కదా అని కలిసి కూర్చున్నాం, కలిసే మంచం పట్టాం. ఒళ్ళు కాలిపోయింది, గొంతులో గవ్వలు మింగినట్టుంది, ఇంటి గుమ్మంలో ఎవరో గంజి పెట్టి తలుపు కొట్టి పారిపోయేవాళ్ళు. తగ్గింది. అందరికీ తగ్గింది. సర్కారువాళ్ళు ఫోను చేసి మీకు తగ్గింది అని చెప్పారు కూడా. బొసొంగమ్మకి వాసన పోయింది, సోయా ముద్ద పులుసు మాడి గిన్నె నల్లబడేదాకా తెలియదు. నాకు ముందు కళ్ళు ఎర్రబడి ఇసక పోసినట్టుండేవి, అదీ తగ్గింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి, బడి మళ్ళీ తెరిచాక, ఒక ఉదయం నన్ను లేచి చదవమన్నారు. నది గురించిన పాఠం. ముల్ అంటే నీళ్ళు. కింది ఒత్తు తీసేస్తే ము, ము అంటే ముల్లంగి. కొండల్లోంచి ముల్లంగి దిగివచ్చి పొలాల్లో ముల్లంగి పారింది, అని గట్టిగా చదివేశాను. ఒకటే నవ్వులు. ముల్లంగి పారితే ఊరగాయ పెట్టుకోవచ్చులే, అంది బొసొంగమ్మ. టీచరమ్మ కూడా నవ్వి, ఏంటి పెద్దమ్మగారూ, జ్వరంలో ఒత్తులన్నీ మర్చిపోయారా అంది. నేను మళ్ళీ చూశాను. ఒత్తు లేదక్కడ. పేజీ నిండా ఏ అక్షరానికీ అడుగు లేదు. ఇళ్ళన్నీ వరద నీళ్ళలో నడుము దాకా మునిగి నిలబడ్డట్టున్నాయి. ఎక్కం మర్చిపోయి దొరికిపోయిన పిల్లలా బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను, మర్చిపోయాననే అనుకున్నాను. రాత్రింబగళ్ళు ఒత్తులు దిద్దాను. నేను దిద్దిన ఒత్తే నాకు కనబడకపోతే అప్పుడు తెలిసింది, పోయింది నా బుర్రలోంచి కాదు, కంట్లోంచి అని.

కంటి వెనక పొరలో పై రక్తనాళం ఒకటి పూడుకుపోయింది, పైన పూడితే చూపులో కింది సగం పోతుంది, అన్నాడు డాక్టరు. కరోనా వల్లనేనా అంటే తల ఊపలేదు, కాదనీ అనలేదు. మీకు బీపీ ఉంది, వయసుంది, దాని వల్లే అని తేల్చి చెప్పలేను, తగ్గాక ఇలా వచ్చినవాళ్ళని నేను చూశాను, అంతవరకే చెప్పగలను, అన్నాడు. నిజాయితీ ఉన్న మనిషి. నాకు మాత్రం తేల్చక్కర్లేదు, ఇంట్లోకి దొంగ వచ్చి వెళ్ళాక బీరువా ఖాళీగా ఉంటే గాలికి ఎగిరిపోయిందనుకోను. ఏదైతేనేం, తగ్గిపోయింది అనే మాట మాత్రం నేనిక నమ్మను. జ్వరం తగ్గుతుంది, దగ్గు తగ్గుతుంది, అది వెళ్తూ వెళ్తూ దేన్ని తొక్కి పోయిందో ఏళ్ళ తరబడి చూసుకుంటూనే ఉండాలి. బొసొంగమ్మకీ అదే చెప్పాను, నువ్వూ వెళ్ళి కళ్ళు చూపించుకో అని. నాకు ముక్కు లేదు, నీకు కన్ను లేదు, ఇద్దరం కలిసి ఒక మనిషి చేద్దాం, నా పులుసు నువ్వు వాసన చూడు, నీ పాఠం నేను చదువుతా, అంది. చూపించుకుంది మాత్రం. దాని కళ్ళు బంగారంలా ఉన్నాయట. ఒత్తులు మాత్రం ఇప్పటికీ తప్పే.

మొదటి సూది నాడు పారిపోదామనుకున్నాను. ఇప్పుడు అలవాటైంది, మొద్దుబారే మందు వేస్తారు, కళ్ళ ముందు నల్లటి సిరా చుక్క పడి, తేలి, సాగి, రెండు రోజుల్లో కరుగుతుంది. ప్రతి సూది తర్వాతా వరద కాస్త తీసినట్టుంటుంది. ఒత్తుల నెత్తులు కనబడతాయి. నేనొక కిటుకు కూడా కనిపెట్టాను, అక్షరం వైపు చూడకూడదు, అక్షరం నిలబడ్డ నేల వైపు చూడాలి, అప్పుడు ఒత్తు మెల్లగా పైకి లేచి కనబడుతుంది. పుస్తకం ఎత్తి పట్టుకుని కింద చూస్తూ చదువుతుంటే, ఎవరికో తలవంచి దణ్ణం పెడుతున్నట్టున్నావు అంటుంది బొసొంగమ్మ. అనుకోనీ.

"అత్తయ్యా, నిద్రపోయారా?" మిరన్ నా మోచెయ్యి తట్టింది. "బార్లీ నీళ్ళు తాగుతారా?"

"వద్దు. మిరన్, ఆ పిల్ల నన్ను బొమ్మలు అడిగింది."

"అడిగితే ఏమైందత్తయ్యా. చెప్పారుగా."

"అక్షరాలు అడగలేదు."

మిరన్ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత గొంతు తగ్గించి, అదే మెత్తటి గొంతు, పోనివ్వండి అత్తయ్యా, మంచిగానే వచ్చిందిగా, నెలనెలా కంట్లో పొడిపించుకోవడం మీకు మాత్రం సరదానా, పైగా ఆ బడి ఒకటి, కళ్ళు పొడుచుకుని చదవడం వల్లే ఇదంతా, మీ అబ్బాయీ అదే అంటున్నారు, ఇప్పుడు ఫోను దగ్గర పెడితే అదే చదివి వినిపిస్తుంది, మీకు చదివే పనేముంది, అంది. ప్రేమగానే అంది. దానికి కోపం తెచ్చుకోలేను. మా ఆయన కూడా ప్రేమగానే చదివి వినిపించేవాడు, ఏది వినిపించాలో తనే చూసుకునేవాడు. చదివి పెట్టేవాళ్ళు నాకు ఎప్పుడూ తక్కువ కాలేదు. వాళ్ళు చదివి పెట్టినంత మేరకే ఉండేది నా లోకం. ఫోను మాత్రం నా బదులు సోయాపాల నూడుల్స్ తిని చప్పగా ఉందని చెప్తుందా.

"చదివితే కన్ను అరగదని డాక్టరుగారు చెప్పలేదూ?" అన్నాను. "నువ్వు పక్కనే ఉన్నావు."

"చెప్పారనుకోండి..."

"మీ ఆయనకి పెట్టిన మెసేజ్ చెరిపెయ్యి."

"ఎందుకత్తయ్యా?"

నేను చెప్పేలోగా నా పేరు పిలిచారు. కళ్ళు తెరిచాను. లోకమంతా పాలలో ముంచినట్టుంది, దీపాల చుట్టూ వెలుగు ముళ్ళు, మనుషులకి మొహాల బదులు మాస్కుల తెల్ల మరకలు. ఆ అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. దాని గుండె మీద పేరు బిళ్ళ వేలాడుతోంది. పొద్దున చదివాను దాన్ని, బి, నా. బి అంటే వాన. ఇదేం పేరు, వానొచ్చిందా అని ఎవరైనా పేరు పెడతారా అనుకున్నాను.

డాక్టరు గది చీకటి. గడ్డం ఆన్చి, నుదురు ఆన్చి, కంట్లోకి కత్తిలాంటి వెలుగు. చూశాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. "యాంగ్ జొమ్‌న్యే గారూ, ఫోటో పోయినసారి లాగే అటూ ఇటూ కాకుండా ఉంది. కానీ చూపు బాగా మెరుగైంది. ఇక సూదికి విరామం ఇద్దాం. మూడు నెలల తర్వాత రండి, చూద్దాం." వెనక మిరన్ హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ఇక్కడ తల ఊపి బయటికి నడవచ్చు. డాక్టరుగారు బాగుందన్నాక కాదనడానికి నేనెవరిని, ఆయన అన్నదే నాకూ అనుకోవచ్చు. నాకూ అదే. నాలిక దాకా వచ్చింది.

"ఆ మెరుగు నాది కాదండీ."

"మరెవరిది?"

"బొమ్మలది. నన్ను అక్షరాలు అడగలేదు. బొమ్మలు అడిగితే ఊహించి చెప్పాను. ఊహించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. మళ్ళీ అడగమనండి."

గదిలో యంత్రం గుయ్యిమంటోంది. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి నిలబడింది, మొహం కనబడకపోయినా గొంతు ఎర్రబడిందని తెలిసింది నాకు. "క్షమించండి డాక్టర్. మామ్మగారు కళ్ళు మసక అన్నారు. మా నానమ్మ కూడా ఎక్కడికి వెళ్ళినా కళ్ళు మసక అనే అంటుంది. పది మందిలో ఆవిడ చిన్నబోకూడదని మేమంతా... అలవాటు. ఈవిడా అంతే అనుకుని..."

"మీ నానమ్మది ఏ ఊరు?" అడిగాను.

"యోసు దగ్గర పల్లె, మామ్మగారూ."

"అక్కడా ఉంటుంది బడి. కళ్ళు బాగున్నప్పుడే చేరమను."

డాక్టరు నవ్వాపుకున్నట్టున్నాడు. ఇప్పుడు కంటిపాప పెద్దదయ్యే మందు వేశాం, ఎటూ మసగ్గానే ఉంటుంది, వచ్చే వారం వస్తే మళ్ళీ చూస్తాం, అన్నాడు. వచ్చే వారం దాకా ఆగుతానని వాపు మీతో చెప్పిందా అన్నాను. అత్తయ్యా అని మిరన్ నా చొక్కా లాగింది. లాగనీ. నా కన్ను, నేను అడుగుతాను.

మళ్ళీ ఆ గీత దగ్గర. సన్నటి చిల్లులున్న నల్ల పలక ఒకటి కంటికి అడ్డం పెట్టింది ఆ అమ్మాయి, దీనిలోంచి చూస్తే మందు తెచ్చిన మసక కొంత విరుగుతుందట. విరిగింది. గోడ మీద పలక వెలిగింది. మొదటి అక్షరం, చెప్పాను. రెండోది, కింద నేలను చూసి పైకి లాగాను, చెప్పాను. మూడో వరసకి దిగాం. పొగ. కింద నేలని చూశాను, పక్కన చూశాను, చిల్లు మార్చాను. పొగే. వెనక వరసలో ఎవరో దగ్గారు. పైన అడ్డగీత లాంటిది ఉంది, ఊహించమంటే ఊహిస్తాను, మూడిట్లో రెండు సరిపోతాయి కూడా, బతుకంతా అలా గెలిచినదాన్నే. ఊహించను. ఇవాళ మాత్రం ఊహించను.

"కనబడటం లేదు," అన్నాను, వెనకున్నవాళ్ళందరికీ వినబడేలా.

"మామ్మగారూ," ఆ అమ్మాయి నెమ్మదిగా, భయం భయంగా, "ఈ అక్షరం మీకు..."

"రాక కాదమ్మా. కానరాక."

అని లేచాను. గీత దాటకూడదు మామ్మగారూ అంటోంది. నీ కొలతలు నువ్వు రాసుకో, నేను కూర్చున్న చోటి నుంచి కనబడలేదని రాసుకో, ఇప్పుడు నా కోసం నేను చూస్తాను, అని గీత దాటి నడిచాను, పలకలో వెలుగు కంట్లో పొడుస్తున్నా ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళాను, వెళ్ళి మూడో వరస మొదటి నుంచి చివరి దాకా గట్టిగా చదివాను, నాలుగోది చదివాను, అయిదోది చదివాను, బడిలో అందరం కలిసి అరిచే రాగంలోనే చదివాను. తిరిగి వచ్చి ఆ అమ్మాయి ఎదురుగా నిలబడ్డాను. పేరు బిళ్ళ చేత్తో పట్టుకుని దగ్గరికి లాగి, కంటికి ఆనించినంత దగ్గరగా, పేరు కింద నేల వైపు చూశాను. ఒత్తు మెల్లగా పైకి తేలింది. బి కాదు. బిత్. ఏ బిత్? ఇంకా కిందికి చూశాను. నెత్తి మీద చిన్న గీత, కింద రెండు కాళ్ళు. దువ్వెన కాదు, అప్పు కాదు.

"బిత్‌నా," అన్నాను. "వెలుగు అని పెట్టారా నీకు?"

"అవును మామ్మగారూ," అంది.

"పొద్దున వాన అనుకున్నాను. వెళ్ళి మీ డాక్టరుగారికి చెప్పు. ఈవిడకి చదువొచ్చు, చూపే రావాలి అని."

సూది ఆపడం లేదు అన్నాడు డాక్టరు. ఇవాళే వేస్తాం అన్నాడు. ఇంకా ఎన్నాళ్ళు అని మిరన్ అడిగితే చెప్పలేనమ్మా, నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు, సూది ఆగినా చూపించుకోవడం ఆగకూడదు, అన్నాడు. ఆగితే నాకు మాత్రం ఎలా. మేమింకా జంట ఒత్తులకి రాలేదు. ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు పక్కపక్కన కూర్చుంటాయి, అవి వచ్చే ఏడాది పాఠం అంది టీచరమ్మ. కోడి అనే మాటకి కింద రెండు. బతుకు అనే మాటకీ రెండు. అవి చూడకుండా నేనెక్కడికి పోతాను.

సూది గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నుదుటి బిళ్ళ ఊడిందని కొత్తది అంటించింది బిత్‌నా, ఈసారి గొంతు తగ్గించలేదు. మిరన్ బార్లీ నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చింది. తాగాను. చేదు పోయింది. ఫోను ఇటివ్వు, అన్నాను. మీ అబ్బాయికి నేను చెప్తాలెండి, మీరేం చెప్పాలో అనండి, నేను కొడతాను, అంది. ఇవ్వు, అన్నాను. అక్షరాలు వీలైనంత పెద్దవి చేయించాను. పాలలాంటి మసకలో, ఫోను ఎత్తి పట్టుకుని, దణ్ణం పెడుతున్నట్టు తల వంచి, ఒక్కో ఇల్లూ కట్టాను, పైన హల్లు, పక్కన అచ్చు, అడుగున ఒత్తు. సూది ఆగదు. బడీ ఆగదు. అమ్మ. పంపేశాను. ఒత్తు ఒకటి తప్పినట్టుంది. తప్పితే తప్పింది, చదువుకున్నవాడే కదా, ఊహించుకుంటాడు.